టీవీ ఏ గోడకు? వంకర హాళ్ల వెనుక ఉన్న లెక్క

క్లుప్తంగా: హాలు సర్దుబాటుకు లొంగకపోవడానికి చదరపు అడుగులు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. తలుపులు, బాల్కనీ, పిల్లర్లు పోగా తెగకుండా మిగిలిన గోడ ఎంత, మనుషులు ఎటు నుంచి ఎటు నడుస్తారు అన్న రెండు విషయాలే ఎక్కువ పని చేస్తాయి. ముందు నడిచే దారి, తర్వాత కూర్చునే చోటు, ఆఖరున టీవీ అనే వరుస పాటిస్తే చాలా వంకర హాళ్లు సర్దుకుంటాయి. ఇళ్లలో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందుల వరుస. బిల్డర్ పెట్టిన టీవీ పాయింటుతో మొదలుపెట్టి, నడిచే దారిని చివరికి వదిలేస్తారు.

2025 సెప్టెంబరు 22న, దసరాకు పది రోజుల ముందు, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. 43 అంగుళాల దగ్గర ఆగుదామనుకున్నవాళ్లు 55 వైపు చూడటానికి అదొక సాకు. ధర తగ్గినంత తేలిగ్గా హాలు గోడ పెరగదు. టీవీకి చెప్పే అంగుళాలు ఐమూల కొలత కాబట్టి 43 అంగుళాల తెర వెడల్పు 37 అంగుళాల పైచిలుకు. 55 అంగుళాలదైతే 48, 65 అంగుళాలదైతే దాదాపు 57. అంటే పాత టీవీ మూడడుగుల పైచిలుకు గోడలో ఇమిడిన చోట కొత్తదానికి నాలుగడుగులు కావాలి. ఆ అదనపు అడుగు దగ్గరే పడకగది తలుపు చట్రమో, స్విచ్ బోర్డో ఎదురవుతుంది. సామాన్లు దిగాక సోఫాను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు జరపడం మొదలయ్యేది అక్కడే.

తెగని గోడ ఎక్కడికి పోయింది

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కనిపించే రెండు పడకగదుల ఫ్లాటును తీసుకుందాం. హాలు 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు అనుకుంటే నాలుగు గోడలూ కలిపి 56 అడుగులు. వినడానికి బాగానే ఉంది. అందులోంచి సింహద్వారం మూడున్నర అడుగులు, బాల్కనీకి జరిపే తలుపు ఆరు, రెండు పడకగదుల తలుపులు మూడేసి, బాత్రూం తలుపు రెండున్నర, పూజగదికి రెండున్నర, వంటింటి వైపు తెరిచి ఉంచిన నాలుగు అడుగులు తీసేస్తే సుమారు ఇరవై నాలుగున్నర అడుగులు పోయాయి. మిగిలిన ముప్పై చిల్లర ఒక చోట లేదు. రెండడుగులు ఇక్కడ, నాలుగు అక్కడ, ఆరు ఇంకో పక్క. దాంట్లోంచి తలుపు రెక్క తెరుచుకుని ఆనే భాగం కూడా తీసేయాలి. సోఫా ఒక్కటే ఏడడుగులు అడుగుతుంది.

ఈ ముక్కల గోడకు మూలం ప్లానులో ఉంది. నడవా కట్టడం బిల్డరుకూ కొనేవాడికీ దండగగానే కనిపిస్తుంది. అడుగుకు వేలల్లో పెట్టి కొన్న చోటు ఉత్త నడకకు పోతుందని లెక్క. అందుకే నడవా తీసేసి, అన్ని తలుపులనూ హాల్లోకే తెరిచారు. నడవా మాయం కాలేదు, హాలే నడవా అయింది. పడకగదిలోంచి బాత్రూంకు, వంటింట్లోంచి బాల్కనీకి, బయటి నుంచి పడకగదికి వెళ్లే ప్రతి దారీ టీవీ చూసేవాళ్ల కాళ్ల ముందు నుంచే సాగుతుంది.

కట్టడపు నిబంధనలు ఈ విషయంలో ఏమీ పట్టించుకోవు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం నివాస గది ఒక్కటే ఉన్న ఇంట్లో దాని విస్తీర్ణం 9.5 చదరపు మీటర్లకు, వెడల్పు 2.4 మీటర్లకు తగ్గకూడదు. విస్తీర్ణం చెప్పారు, వెడల్పు చెప్పారు, తెగని గోడ ఎంత ఉండాలో చెప్పలేదు. చెప్పాల్సిన పని వాళ్లది కాదనుకోవచ్చు కూడా. కానీ సోఫా వేసుకునేది విస్తీర్ణం మీద కాదు, గోడ వారన.

పాత ఇళ్లతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో రాకపోకలన్నీ నడిమింటి మండువా చుట్టూ తిరిగేవి. గదికి ఒకటో రెండో గుమ్మాలు, మిగతా గోడ అంతా ఖాళీ. ఆ గదులు చీకటిగా ఉండేవన్న మాట నిజమే గాని, మంచం వేయడానికో బీరువా పెట్టడానికో ఎవరూ ఆలోచించాల్సి వచ్చేది కాదు. రంగుల టీవీ దేశానికి 1982లో వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో అపార్ట్‌మెంట్ల నిర్మాణానికి, యాజమాన్యానికి ప్రత్యేక చట్టం 1987లో వచ్చింది. ఫ్లాటూ టీవీ ఇంచుమించు ఒకే కాలంలో మధ్యతరగతి ఇంట్లోకి అడుగుపెట్టాయి. అయినా ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని గీసినవాళ్లు తక్కువ.

దీనికి పిల్లర్లు తోడు. లోపలి గోడ నాలుగున్నర అంగుళాలు, పిల్లరు కనీసం తొమ్మిది. ఆ మిగులు ఎటో ఒక పక్కకు పొడుచుకు వస్తుంది. పడకగదిలోకి వస్తే అలమరా వెనుక కలిసిపోతుంది. హాల్లోకి వస్తే సోఫా గోడకు ఆనదు, వెనుక నాలుగున్నర అంగుళాల సందు మిగులుతుంది. బంతులు, రిమోట్లు, దుమ్ము చేరేది అందులోకే.

డబ్బా టీవీకి మూల నప్పింది, పలక టీవీకి నప్పదు

వంకర గది కనబడగానే చాలామంది ఇచ్చే సలహా, ‘మూలకు పెట్టండి’. ఈ సలహా ఇరవై ఏళ్ల కిందటిది. పిక్చర్ ట్యూబు టీవీ ముందు వెడల్పుగా, వెనుక సన్నగా ఉండేది. ఆ వెనుక భాగం మూలలోకి సరిగ్గా దూరేది. గది మూల ఎందుకూ పనికిరాని చోటు కాబట్టి, దాన్ని టీవీతో నింపడం తెలివైన పని.

పలక టీవీకి వెనుక భాగమే లేదు. 48 అంగుళాల వెడల్పున్న 55 అంగుళాల టీవీని మూలలో 45 డిగ్రీల వాలుగా నిలబెడితే, తెర నడిమి భాగం గది మూల నుంచి రెండడుగులు ముందుకు వస్తుంది. రెండు గోడల్లోనూ దాదాపు మూడేసి అడుగులు ఆక్రమిస్తుంది. వెనుక నాలుగు చదరపు అడుగుల ముక్కోణం ఖాళీగా పడి ఉంటుంది. గోడకు తగిలిస్తే ఇదే టీవీ మూడు నాలుగు అంగుళాలు తింటుంది. కాబట్టి చిన్న గదిలో పెద్ద టీవీని మూలకు తోయడం అంటే చోటు మిగుల్చుకోవడం కాదు, పోగొట్టుకోవడం. 32 అంగుళాలదైతే నష్టం బాగా తక్కువ; దాని వెడల్పు 28 అంగుళాలే కాబట్టి నడిమి భాగం గది మూలకు 14 అంగుళాల దూరంలోనే ఉంటుంది. పడకగదికి అది ఇప్పటికీ మంచి ఉపాయమే.

ఎంత దూరం, ఎంత పక్కకు

తెర ఎంత పెద్దదో అంగుళాలు చెప్పవు, కంటికి అది ఎన్ని డిగ్రీలు ఆక్రమిస్తుందో దాన్ని బట్టి తెలుస్తుంది. టీవీ, సినిమా సాంకేతిక ప్రమాణాలు రూపొందించే ఎస్‌ఎంపీటీఈ పేరు మీద ప్రచారంలో ఉన్న కొలత 30 డిగ్రీలు. దాన్ని ఇంటి భాషలోకి మారిస్తే, తెర ఐమూల కొలతకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర పైచిలుకు రెట్ల దూరంలో కూర్చుంటే బాగుంటుంది. 30 డిగ్రీలకు 1.6 రెట్లు, ఇంకా నిండుగా కావాలంటే 1.2 రెట్లు. 43 అంగుళాల టీవీకి 1.6 రెట్లంటే అయిదు ముప్పావు అడుగులు. 55కి ఏడు అడుగుల నాలుగు అంగుళాలు. 65కి ఎనిమిది అడుగుల ఎనిమిది అంగుళాలు.

పది అడుగుల వెడల్పు హాల్లో ఇది ఎలా తేలుతుందో చూద్దాం. సోఫా వీపు గోడకు ఆనించి ఉంటే కూర్చున్నవారి కళ్లు గోడకు అడుగున్నర ముందుంటాయి. ఎదురు గోడకు తగిలించిన తెర మూడంగుళాలు లోపలికి వస్తుంది. మిగిలిన దూరం ఎనిమిదింబావు అడుగులు. ఆ దూరం నుంచి 55 అంగుళాల తెర 27 డిగ్రీలు, 65 అంగుళాలది 32 డిగ్రీలు కనబడుతుంది. పది అడుగుల హాలుకు 55 ఎక్కువేమో అన్న బెంగ అక్కర్లేదన్నమాట. పాత టీవీల్లో గీతలు, చుక్కలు కనబడేవి కాబట్టి దూరం జరగమనేవారు. ఇప్పటి 4కే తెరకు ఆ భయం లేదు.

పక్క కోణం సంగతి వేరు. ఎల్‌ఈడీ టీవీల్లో వాడే ప్యానెళ్లు ప్రధానంగా రెండు రకాలు. వీఏ ప్యానెల్ ఎదురుగా చూస్తే నలుపు చిక్కగా ఉంటుంది, పక్కకు జరిగేకొద్దీ రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్ ప్యానెల్ పక్క నుంచి కూడా ఇంచుమించు అలాగే కనబడుతుంది, కానీ చీకటి గదిలో నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. ఓఎల్‌ఈడీకి రెండు బాధలూ తక్కువ, ధర ఎక్కువ. చతురస్రపు గదిలో అందరూ ఎదురుగానే కూర్చుంటారు కాబట్టి వీఏ సరిపోతుంది. వంకర హాల్లో ఒకరు దివాన్ మీద, ఒకరు డైనింగ్ టేబుల్ దగ్గర, ఒకరు వంటింటి గుమ్మంలో ఉంటారు. అక్కడ ప్యానెల్ రకం అంగుళాలకన్నా ముఖ్యం. దుకాణంలో పక్కకు నాలుగడుగులు జరిగి చీకటి సన్నివేశం ఒకటి చూస్తే తేడా చెప్పకనే తెలుస్తుంది. డెమో వీడియోల్లో పెట్టే పూలతోటలు, చేపల తొట్లు చూస్తే మాత్రం ఏమీ తెలియదు.

కిటికీ విషయంలో సూత్రం చిన్నది. తెర కిటికీకి ఎదురుగా ఉంటే ప్రతిబింబం, కిటికీ ముందు ఉంటే కళ్లకు ఎదురు వెలుతురు. కిటికీ ఉన్న గోడకు లంబంగా ఉన్న గోడ రెంటికీ మధ్యేమార్గం. అయితే సీరియళ్లూ, రాత్రి ఏడున్నరకు మొదలయ్యే క్రికెట్ మ్యాచ్‌లూ తప్ప పగలు టీవీ పెట్టని ఇంట్లో కిటికీ గురించి ఇంత ఆలోచించడం అనవసరం. ఆ ఇళ్లలో తెర మీద పడేది ఎదురు గోడ ట్యూబులైటు. దాన్ని పక్క గోడకు మార్చడం సోఫా మార్చడం కన్నా సులువు.

రైలు పెట్టెలాంటి హాలు

వెడల్పు పది, పొడవు ఇరవై అడుగుల హాళ్లు 30 అడుగుల ముఖం ఉన్న స్థలాల్లో విరివిగా కనిపిస్తాయి. ముప్పై అడుగుల్లోంచి రెండు పక్కలా ఖాళీ వదిలి, గోడల మందం తీసేసి, మిగిలినదాన్ని రెండుగా చీల్చితే ఒక్కో గదికి పది పదకొండు అడుగుల వెడల్పే వస్తుంది. గది లోతుకు సాగుతుంది.

ఇందులో టీవీని పొట్టి గోడకు పెట్టి, సోఫాను అవతలి చివర గోడకు ఆనించడం మొదట తోచే పని. దూరం పదిహేడు పద్దెనిమిది అడుగులు అవుతుంది. 43 అంగుళాల తెర పదిహేడు అడుగుల నుంచి పదిన్నర డిగ్రీలే కనబడుతుంది, అంటే ఉండాల్సిన దాంట్లో మూడో వంతు. స్కోరు చదవాలంటే లేచి రావాలి.

రెండో పద్ధతి పొడవు గోడలకు ఎదురెదురుగా పెట్టడం. దూరం సరిపోతుంది. కానీ సోఫాకు మూడడుగులు, టీవీ యూనిట్‌కు అడుగుంబావు పోతే మధ్యలో అయిదు ముప్పావు అడుగులు ఉంటాయి. అందులో రెండడుగుల టీపాయ్, దానికీ సోఫాకీ మధ్య కాళ్లకు అడుగుంబావు తీస్తే నడవడానికి రెండున్నర అడుగులు. మనిషి ఇబ్బంది లేకుండా సాగడానికి అదే కనీసం. చేతిలో పళ్లెం ఉంటే మూడడుగులు కావాలి. పైగా ఆ దారి తెరకూ కళ్లకూ మధ్య నుంచే. టీపాయ్ తీసేసి పక్కన చిన్న స్టూళ్లు వేసుకోవడం ఈ హాలుకు చేయగల అతి చవకైన మరమ్మతు. ఇంట్లో ఒప్పుకోరు, అది వేరే సంగతి.

మూడోది, మన ఇళ్లలో అరుదుగా చేసేది: టీవీ పొట్టి గోడకే ఉంచి, సోఫాను ఎనిమిది తొమ్మిది అడుగుల దగ్గర గది మధ్యలో వేయడం. సోఫా వీపు డైనింగ్ వైపు ఉంటుంది. ఏడడుగుల సోఫా పది అడుగుల గదిలో వేస్తే పక్కన మూడడుగుల దారి మిగులుతుంది. గది తనంతట తానే రెండు గదులవుతుంది, ముందు టీవీ, వెనుక భోజనం. ఇక్కడ అభ్యంతరం రెండు వైపుల నుంచి వస్తుంది. సోఫా వెనుక భాగానికి చాలా కంపెనీలు చవక గుడ్డ వేస్తాయి, అది బయటపడుతుంది. సింహద్వారం సోఫా వీపు వైపు ఉంటే వచ్చిన చుట్టానికి మొదట కనిపించేది కూర్చున్నవాళ్ల తలల వెనుక భాగం. సింహద్వారం పక్క గోడలో ఉన్న ఇళ్లకే ఈ ఏర్పాటు అతుకుతుంది.

ఎల్ ఆకారంలో రెండు చేతులకూ ఒకే తెర

హాలూ డైనింగూ కలిసి ఎల్ ఆకారంలో ఉంటే కుటుంబాలు కోరేది ఒకటే, అన్నం తింటూ కూడా టీవీ కనబడాలి. జ్యామితి దీనికి ఒక్క చోటే ఇస్తుంది. ఎల్‌లో రెండు చేతులూ కలిసే చతురస్రంలో నిలబడితేనే రెండు చేతుల చివరలూ కనిపిస్తాయి. వేరే ఎక్కడ నిలబడినా లోపలికి పొడుచుకు వచ్చిన మూల కొంత దాచేస్తుంది. కాబట్టి తెర ఆ చతురస్రం అంచుల్లోనే ఉండాలి. అక్కడ వాలుగా పెడితే ముందు చెప్పిన ముక్కోణపు నష్టం. గోడకు సమంగా పెడితే ఒక చేతిలో ఉన్నవారికి ఎదురుగా, రెండో చేతిలో ఉన్నవారికి బాగా పక్కగా.

చాచే చెయ్యి ఉన్న స్టాండు దీనికి వాడుకలో ఉన్న జవాబు. మామూలప్పుడు టీవీ గోడకు అంటి ఉంటుంది, భోజనాల వేళ లాగి తిప్పుకుంటారు. రోజూ తిప్పుతారా అన్నది అనుమానమే. ఒకసారి తిప్పింది అలాగే ఉండిపోతుంది. డైనింగ్ వైపు నుంచి టీవీ చూసే తీరును కాస్త గమనిస్తే, అక్కడివారు ఎక్కువగా చేసేది వినడం, మధ్యమధ్యలో తలెత్తడం. అంత మాత్రానికి సోఫాలో రోజూ మూడు గంటలు కూర్చునేవారి కోణాన్ని బలిపెట్టనక్కర్లేదు. ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు అన్నం తింటూ చూస్తారో లెక్కేసుకుంటే ఈ చిక్కు సగం విడిపోతుంది.

మూల కోసిన హాలు

రోడ్లు కలిసే చోట ఉన్న స్థలాలకు, మలుపు తిరిగే వాహనాలకు చూపు ఆనడం కోసం, మూలను కోసి వదలాలని భవన నిబంధనలు అడుగుతాయి. ఇల్లు కూడా ఆ కోతను అనుసరిస్తే హాలుకు అయిదు గోడలు, అయిదు మూలలు వస్తాయి. పక్కలు సమానంగా లేని స్థలాల్లోనూ ఇంతే: ఒక గోడ మరోదానికి సమాంతరంగా ఉండదు. టైల్స్ వేసేటప్పుడే ఇది బయటపడుతుంది, గోడ వారన ముక్కోణపు ముక్కలు కోయాల్సి వస్తుంది.

ఇలాంటి గదిలో కళ్లకు ఇబ్బంది కలిగించేది వాలు గోడ కాదు, దానితో సగం సమాంతరంగా, సగం వంకరగా పెట్టిన సామాను. అన్నిటికన్నా పొడవైన గోడను ప్రమాణంగా తీసుకుని సోఫా, టీవీ, తివాచీ మూడింటినీ దానికి సమంగా వేస్తే వాలు గోడ ఒక విశేషంలా మిగులుతుంది. ఒక్కో వస్తువును దాని దగ్గరి గోడకు సమంగా వేస్తే గది మొత్తం తిరిగినట్టు ఉంటుంది. మొక్కల కుండీలు, నిలువు దీపం, గుండ్రటి టేబుల్ లాంటి, ఫలానా వైపు తిరిగి ఉండాలన్న పట్టింపు లేని వస్తువులకు ఆ వాలు గోడ వారన చోటివ్వాలి. గుండ్రటి డైనింగ్ టేబుల్‌కు గోడతో పేచీయే ఉండదు, దానికి పోల్చుకోవడానికి అంచు లేదు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పుకోవాలి. మూల కోసిన గోడ అయిదడుగులకు మించి ఉండి, దానికి కిటికీ లేకపోతే, టీవీకి అంతకన్నా మంచి చోటు ఆ గదిలో ఉండదు. గదిలోని రెండు వైపులకూ అది వాలుగా తిరిగి ఉంది, వెనుక ముక్కోణం ఇంటి బయటే పోయింది. కానీ రోడ్ల కూడలి చక్కగా కనిపించేది కూడా అక్కడి నుంచే కాబట్టి, బిల్డర్లు కిటికీ పెట్టేదీ అక్కడే.

ఫ్యాను, ఏసీ, వాస్తు

ప్లాను మీద కనిపించకుండా సోఫా చోటును నిర్ణయించేది సీలింగ్ ఫ్యాను. మామూలు ఫ్యాను రెక్కల వ్యాసం 1200 మిల్లీమీటర్లు, నాలుగడుగులు. గాలి బాగా తగిలేది దాని కిందా, చుట్టూ కొంత మేరా. పొడవు హాలుకు స్లాబులో ఒకే కొక్కెం వేసి వదిలేస్తే, మే నెలలో మనుషులు ఆ కొక్కెం కిందికే చేరతారు, సోఫా ఎక్కడున్నా సరే. కుర్చీలు లాక్కుంటారు, చాప వేస్తారు. స్లాబు పోసే ముందే రెండు కొక్కేలు వేయించుకున్న ఇళ్లలో సర్దుబాటుకు స్వేచ్ఛ రెట్టింపవుతుంది. ఏసీని టీవీ పైన బిగించడం కూడా అలవాటుగా మారింది, బాల్కనీ గోడ దగ్గరని. నీళ్లు పోయే గొట్టం పూడుకుంటే చినుకులు రాలేది తెర మీదికే. అడుగో రెండడుగులో పక్కకు జరిపితే పోయేదేమీ లేదు.

వాస్తు చెప్పేవారి సాధారణ సూచన ప్రకారం బరువైన సామాను దక్షిణ, పడమర గోడల వైపు, విద్యుత్ పరికరాలు ఆగ్నేయంలో, ఈశాన్యం ఖాళీగా. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఫ్లాట్లు ఆ లెక్క ప్రకారమే గీసి అమ్ముతారు కాబట్టి గోడల మీద దాని ముద్ర ఉంటుంది. తూర్పు ముఖం ఫ్లాటులో సింహద్వారం ఈశాన్యం వైపు జరుగుతుంది. తూర్పు గోడలో ఆగ్నేయం వైపు ముక్క మిగులుతుంది. సోఫా పడమర గోడకు వేసి తూర్పుకు ముఖం పెట్టి కూర్చుంటే టీవీ ఆ ముక్కలోకి వస్తుంది. దిక్కూ చూపూ కలిసిన సందర్భం ఇది. పడమర ముఖం ఫ్లాట్లలో ఇంత సులువుగా కలవదు. అక్కడ సింహద్వారం, బాల్కనీ రెండూ పడమర గోడనే తినేస్తే సోఫా దక్షిణానికి, చూపు ఉత్తరానికి మళ్లుతుంది, ఆగ్నేయంలో టీవీ అన్న నియమం నిలబడదు. ఈ రెంటిలో ఏది వదులుకోవాలన్నది ఇంటి పెద్దలు తేల్చుకునే విషయం. నడిచే దారిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఎత్తు, నేల మీద కూర్చునేవాళ్లు

సోఫాలో కూర్చున్న పెద్దవారి కళ్లు నేల నుంచి సుమారు 42 అంగుళాల ఎత్తులో ఉంటాయి. తెర నడిమి భాగం అక్కడికి దగ్గరగా ఉండటం మంచిది. బిల్డర్లు టీవీ పాయింటును అంతకన్నా పైన పెట్టడంతో, దాన్ని కప్పడానికి టీవీ కూడా పైకెక్కుతుంది. నడిమి భాగం 60 అంగుళాల ఎత్తుకు పోయిందనుకుందాం. ఎనిమిదింబావు అడుగుల దూరంలో సోఫా మీద ఉన్నవారు పది డిగ్రీలు తలెత్తాలి, భరించవచ్చు. మన ఇళ్లలో సోఫా ఉన్నా దానికి వీపు ఆనించి నేల మీద కూర్చునేవారు, ఇంకా ముందుకు జరిగి చాప మీద బాసింపట్టు వేసేవారు ఉంటారు. వాళ్ల కళ్లు 29 అంగుళాల ఎత్తులో, తెరకు అయిదడుగుల దూరంలో ఉంటే మెడ ఎత్తాల్సింది 27 డిగ్రీలు. అదే తెరను 42కు దించితే ఆ కోణం పన్నెండుకు తగ్గుతుంది. పిల్లలు తెరను కొడతారన్న భయం ఎత్తుగా పెట్టడానికి ఒక నిజమైన కారణం. దానికి తెర ముందు తక్కువ ఎత్తు బల్ల అడ్డంగా ఉంచడం మెడనొప్పి లేని మందు.

హాలుకు ఇంకో బాధ్యత ఉంది. సత్యనారాయణ వ్రతానికి పీటలు వేయాలన్నా, బొమ్మల కొలువుకు మెట్లు కట్టాలన్నా, వేసవిలో చుట్టాలకు పక్కలు పరచాలన్నా నడిమి నేల ఖాళీ కావాలి. గోడకు గోడ ఎల్ సోఫా వేసిన హాళ్లు ఆ రోజున మొరాయిస్తాయి. వంకర గదికి ఒక మూడు సీట్ల సోఫా, కదిలే కుర్చీలు రెండు, ఒక దివాన్ అన్న పాత కూర్పు కొత్త ఎల్ సోఫాకన్నా బాగా లొంగుతుంది. ఎల్ సోఫా ఒక మూలకే పుట్టింది. ఎడమ చేతిదో కుడి చేతిదో కొనేముందే తేలిపోవాలి, ఇల్లు మారితే అదే సోఫా తలుపుకు అడ్డం పడవచ్చు.

అక్కడ గోడలే లేవు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎదుర్కొనేది దీనికి తలకిందుల చిక్కు. డాలస్ శివార్లలాంటి చోట్ల కొత్త ఇళ్లలో వంటిల్లు, భోజనం, కూర్చునే చోటు ఒకే పెద్ద ఖాళీలో కలిసి ఉంటాయి. ఒక పక్క వరుస కిటికీలు, ఇంకో పక్క వంటింటి దిమ్మె, మిగిలిన ఒకే గోడకు చలి కాచుకునే పొయ్యి (ఫైర్‌ప్లేస్). టీవీ ఆ పొయ్యి పైకి ఎక్కుతుంది. ఎత్తు సమస్య అక్కడ ఇంకా ఎక్కువ, పొయ్యి వాడితే వేడి కూడా తోడు. తలుపులు తరిగిన గోడ ఇక్కడి చిక్కు, గోడే లేకపోవడం అక్కడిది. అక్కడ సోఫాను గది మధ్యలో వేయడం మామూలు విషయం కావడానికి ఇదే కారణం, ఆనించడానికి ఏదీ లేదు కాబట్టి.

గోడ లోపల ఏముంది

చోటు తేలాక గోడ ఒప్పుకోవాలి. ఎర్ర ఇటుక గోడ మేకును, ప్లగ్గును బాగా పట్టుకుంటుంది. ఏఏసీ దిమ్మెలు తేలికైనవి, లోపలంతా గాలి రంధ్రాలు; మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు వాటిలో వదులవుతుంది, ఆ దిమ్మెలకు తగిన పొడవాటి యాంకర్లు వేయాలి. గోడకు అంటిన టీవీ బరువు కిందికి లాగుతుంది, చాచే చెయ్యి మీద ఉన్న టీవీ పై బోల్టులను గోడలోంచి బయటికి లాగుతుంది. అదే పదిహేను కిలోల టీవీ, కానీ లాగే బలం చేతి పొడవుతో పెరుగుతుంది. ఎల్ హాళ్లకు ఆ చెయ్యి సూచించేవారు ఈ మాట తరచూ మర్చిపోతారు.

అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసే మైవాన్ పద్ధతిలో కట్టిన ఎత్తైన భవనాల్లో గోడలన్నీ కాంక్రీటే. బరువుకు ఢోకా లేదు. కానీ వైరు గొట్టాలు కాంక్రీటు పోసే ముందే లోపల వేస్తారు, తర్వాత గోడ చీల్చి టీవీ పాయింటు మార్చడం కుదరదు, చాలా చోట్ల ఒప్పుకోరు కూడా. అదృష్టం ఏమిటంటే టీవీకి కావాల్సిన వైర్లే తగ్గిపోయాయి. కేబుల్ తీగ, డిష్ తీగ ఉన్న రోజుల్లో పాయింటు చెప్పిన చోటే టీవీ. ఇప్పుడు వైఫై మీద నడిచే టీవీకి కరెంటు ఒక్కటి చాలు. గోడ వారన తెల్లటి పీవీసీ పట్టీలో వైరు లాగితే తెర పక్క గోడకు మారిపోతుంది. సెట్‌టాప్ బాక్సు ఇంకా వాడేవారు హెచ్‌డీఎంఐ కేబుల్ అయిదు మీటర్లు దాటకుండా చూసుకుంటే మేలు. అంతకు మించితే మామూలు కేబుల్‌తో 4కే బొమ్మ ఆగిపోవడం, మిణుకుమనడం ఎక్కువవుతుంది.

వడ్రంగి చేత ప్లైవుడ్‌తో కట్టించే టీవీ గూడు ఈ స్వేచ్ఛను మళ్లీ లాగేసుకుంటుంది. 43 అంగుళాల టీవీకి కొలిచి నలభై అంగుళాల వెడల్పు గూడు చేయిస్తే, తర్వాతి టీవీ 48 అంగుళాల వెడల్పుతో వస్తుంది. గూడు కాకుండా ఆరడుగుల చదును పలక, కింద విడిగా జరిపే బల్ల చేయించుకున్నవారికి ఆ ఇబ్బంది రాదు. అద్దె ఇళ్లలో మేకు కొట్టనివ్వరు కాబట్టి వాళ్లకు చక్రాల స్టాండే గతి. కానీ దారి, చూపు, ఫ్యాను ఎటు లాగితే అటు జరుపుకోగలిగేది కూడా వాళ్లే. సొంత ఇంటివారు అదే పరీక్షను సామాను కొనకముందు చేయవచ్చు: పాత పేపర్లను సోఫా కొలతకు, టీపాయ్ కొలతకు నేల మీద అతికించి రెండు రోజులు వాటిని తొక్కకుండా ఇంట్లో తిరిగి చూడటం. ఎక్కడ పేపరు నలిగిందో అక్కడ దారి ఉన్నట్టు.